ఖాజాగూడ గుండు, మా కొత్త కాపురం

సైబరాబాదులో ఇల్లు వెతకడమంటే ఇప్పటి పిల్లలకి పడుకున్న చోటి నుంచి కదలక్కర్లేని పని. ఫోను మీద వేలు అటూ ఇటూ జరిపితే గదులు, కిటికీలు, ఆ కిటికీల్లోంచి కనిపించే ఎదురింటి కిటికీలతో సహా అన్నీ కళ్ళ ముందుకి వచ్చేస్తాయి. మేము కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆ రోజుల్లో అంత వైభోగం లేదు. (ఆ రోజులంటే మరీ రాజుల కాలమనుకునేరు. రాయదుర్గం దాకా మెట్రో ఇంకా రాలేదు, అంతే.) బండి వేసుకుని సందు సందూ తిరగాలి, గేటుకి వేలాడే 'టు లెట్' అట్ట కనిపించగానే బ్రేకు వెయ్యాలి, లోపలి నుంచి లుంగీ సవరించుకుంటూ వచ్చినాయన "బ్యాచిలర్లా?" అని అనుమానంగా చూస్తే కాదని ప్రమాణం చెయ్యాలి. అన్నిటికంటే ముందు, అసలు ఏ ఏరియాలో ఉండాలో తేల్చుకోవాలి. ఉప్పూ పప్పూ ఏ కొట్లో కొంటారన్న దగ్గర్నుంచి ఆదివారం పూట ఏ చుట్టాలు తలుపు తడతారన్న దాకా అన్నీ దాన్ని బట్టే ఉంటాయి కాబట్టి, అది పెళ్ళికూతుర్ని చూసుకోవడం కంటే కష్టమైన పని. ఆ కష్టంలోనే నేనొకసారి ఖాజాగూడలో బండరాయెక్కి, దిగలేక, ఊరందరి ముందూ నవ్వులపాలయ్యాను.

అప్పటికి మా పెళ్ళయి నెల దాటింది. కొత్త దంపతులు ఎక్కడ కాపురం ఉంటున్నారయ్యా అంటే, నేను గచ్చిబౌలిలో ముగ్గురు బ్రహ్మచారులతో కలిసి ఒక గదిలో, మా ఆవిడ మాదాపూర్లో ఒక లేడీస్ హాస్టల్లో. నాది తుని, ఆవిడది సదాశివపేట. ఒకే ఆఫీసులో పరిచయమై, ఇష్టపడి, రెండిళ్ళవాళ్ళనీ ఒప్పించి పెళ్ళి చేసుకున్నామే గాని, పెళ్ళయ్యాక ఉండడానికి ఒక ఇల్లు కావాలన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు. సెలవులు అయిపోయాయి. "ముందు డ్యూటీలో చేరండి, ఇల్లు నిదానంగా చూసుకోవచ్చు" అన్నారు పెద్దలు. మేము చేరాము. ఆ నిదానం అలాగే సాగుతూ ఉంది.

ఆఫీసు ఒకటే అయినా షిఫ్టులు వేరు కాబట్టి, రోజూ సాయంత్రం పని కాగానే నేను హాస్టల్ గేటు దగ్గరకి వెళ్ళి నిలబడేవాణ్ణి. హాస్టల్ నడిపే ఆంటీది గుడివాడ. మొదటి రోజే పెళ్ళి ఫోటో చూపించి, "నేను ఆ అమ్మాయి భర్తనండీ, కాసేపు హాల్లో కూర్చోవచ్చా?" అని అడిగాను. ఆవిడ ఫోటోని శ్రద్ధగా చూసి, పట్టుచీర బాగుందని మెచ్చుకుని, "భర్తలైనా సరే, గేటు బయటేనండీ. ఒక్కర్ని రానిస్తే రేపటి నుంచి వచ్చిన ప్రతివాడూ భర్తనే అంటాడు" అంది. అందులో న్యాయం లేకపోలేదు. కాబట్టి మా కొత్త కాపురమంతా ఆ సందు చివర దోసెల బండి దగ్గర, చేతిలో ప్లేట్లతో, నిలబడే సాగింది. గదిలో నా స్నేహితులు నాకు 'పెళ్ళయిన బ్రహ్మచారి' అని పేరు పెట్టారు. అంట్లు తోమే వంతు వచ్చినప్పుడు మాత్రం, "సంసారివి, నీకు అలవాటు కావాలిరా" అని నాకే వదిలేసేవాళ్ళు.

మరి ఇల్లెందుకు దొరకలేదంటారా? దొరక్క కాదు, ఎక్కువ దొరికి. మదీనాగూడలో మా బాబాయి ఉన్నాడు. నాన్నకి సొంత తమ్ముడు, సచివాలయంలో ఉద్యోగం, వచ్చి ఇరవై ఏళ్ళయింది. గోపన్‌పల్లిలో మా ఆవిడ అక్కా బావా ఉన్నారు. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు. (మా వైపు ఇలాంటి వరసని తోడల్లుడంటారు, ఇక్కడ సడ్డకుడంటారు. మొదటిసారి ఎవరో నన్ను చూపించి "ఈయన మీ సడ్డకుడా?" అని ఆయన్ని అడిగితే, తిడుతున్నారేమో అనుకుని బిక్కమొహం వేశాను.) మేము ఇల్లు చూసుకుంటున్నామని తెలియగానే, ఇద్దరూ తమ ఏరియాలో ఉండాలంటే తమ ఏరియాలో ఉండాలని పట్టుబట్టారు.

మొదటి ఆదివారం మదీనాగూడ వెళ్ళాము. ముంబై హైవే పక్కనే బాబాయి వాళ్ళ అపార్టుమెంటు. లిఫ్టు దగ్గర్నుంచే బాబాయి గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు. కోపం కాదు, హైవే పక్కన అన్నేళ్ళు ఉంటే గొంతు అలాగే స్థిరపడిపోతుంది. "ఏవమ్మా, ఇక్కడ దొరకనిదంటూ లేదు. కిందకి దిగితే కూరగాయలు, పది అడుగులేస్తే బట్టలు, బంగారం, మందులు! అమెరికావాడికి కూడా ఇంత సుఖం లేదు!" అని అరిచాడు. మా ఆవిడ వినయంగా తల ఊపి, రోడ్డుకి అవతల కనిపిస్తున్న చెరుకురసం బండిని చూసి, తాగుదామా అంది. బాబాయి మొహం కొంచెం మారింది. ఆ బండి అవతల పక్క ఉంది. మధ్యలో డివైడరు. కారు తీసి, మమ్మల్ని ఎక్కించి, మియాపూర్ దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిప్పుకుని వచ్చి రసం తాగించి, మళ్ళీ ఇంటికి రావడానికి ఇంకో పక్క చందానగర్ దాకా వెళ్ళి తిప్పాడు. దారి పొడుగునా "చూశారా, ఎంత దగ్గరో!" అంటూనే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి మళ్ళీ దాహం వేసింది.

పిన్ని ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసింది. అమ్మ చేతి వంటకి దూరమై ఏళ్ళయిన ప్రాణం, మూడోసారి కూడా వడ్డించుకున్నాను. మా ఆవిడ నన్నే చూస్తూ కూర్చుంది. నేను కూర తింటున్నాననుకున్నాను గాని, ఆవిడ దృష్టిలో మదీనాగూడకి ఓటు వేస్తున్నానని నాకు తెలియదు. వచ్చేముందు బాబాయి పక్క అపార్టుమెంటులో ఖాళీగా ఉన్న ఫ్లాటు చూపించాడు. "మా బాల్కనీలోంచి పిలిస్తే మీరు పలకొచ్చు!" అన్నాడు ఆనందంగా. బాబాయంటే నాకు ప్రాణమే, కాని ఆయన పొద్దున్నే నడకకి వెళ్ళి వస్తూ తెలిసినవాళ్ళందరి బళ్ళ టైర్లలో గాలి ఉందో లేదో నొక్కి చూస్తాడు. లేకపోతే తలుపు కొట్టి నిద్ర లేపి మరీ చెబుతాడు.

తర్వాతి ఆదివారం గోపన్‌పల్లి. యూనివర్సిటీ గోడ దాటాక ఒక్కసారిగా చల్లగాలి, నిశ్శబ్దం. సడ్డకుడు మేడ మీదకి తీసుకెళ్ళి రెండు చేతులూ చాచాడు. "తమ్మీ, జర గాలి పీల్చు. గిసుంటి గాలి సిటీల ఏడన్న ఉన్నదా? పొద్దుగాల్ల నెమళ్ళొస్తయి. యూనివర్సిటీ అడవి కెళ్ళి సీదా మా ఇంటి మీదికే." పక్కనే ఖాళీగా ఉన్న ఇల్లు కూడా పై నుంచే చూపించాడు. బాగుందన్నాను. కొత్తిమీర ఎక్కడ కొంటారని అడిగింది మా ఆవిడ. ఆయన కొంచెం తడబడి, "కొత్తిమీరకైతె నల్లగండ్ల పోవాలె. ఇంకో రెండేండ్లల్ల అన్నీ ఇక్కడికే వస్తయి, ఫికర్ లేదు" అన్నాడు. టైలరు? రెండేండ్లల్ల. బస్సు? రెండేండ్లల్ల. అప్పటికి ఆయన అక్కడికొచ్చి అయిదేళ్ళయిందట. మేము మాట్లాడుతుండగానే నిజంగానే ఒక నెమలి ఎగిరొచ్చి పిట్టగోడ మీద వాలింది. వాలి, గొంతు నులుముతుంటే పిల్లి అరిచినట్టు ఒక అరుపు అరిచి, మా ఆవిడ అక్క, అంటే నాకు వదిన, ఆరబెట్టిన వడియాల మీదికి దూకింది. వదిన చేతికందిన చీపురు తీసుకుని వెంటపడింది. మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది.

ఆ నవ్వు చూసి నేను కరిగిపోయాను. ఈ నెమళ్ళ మధ్య, సొంత అక్క దగ్గర, ఈ అమ్మాయి ఎంత సంతోషంగా ఉంటుందో కదా అనుకున్నాను. నా సంగతికొస్తే, వదిన చాలా మంచి మనిషి, కాకపోతే లోకంలో ప్రతి పనికీ ఒక సరైన పద్ధతి ఉందని, అది తనకి తెలుసునని నమ్ముతుంది. నేను గుమ్మంలో చెప్పులు విడిచిన తీరు బాగాలేదని తిప్పి పెట్టించింది. చాయ్ తాగుతుంటే, "మరిదీ, గట్ల ఊదుకుంట తాగొద్దు, సల్లారినంక తాగాలె" అంది. సల్లారాక తాగితే, "సల్లారింది తాగితే ఏం రుచి?" అంది. అయినా సరే, పెళ్ళాం సంతోషం కంటే చాయ్ ఎక్కువా?

ఇక ఆ తర్వాతి వారమంతా దోసెల బండి దగ్గర జరిగిన చర్చ రాస్తే ఒక పేజీ చాలు. నేను "నీ ఇష్టం" అనేవాణ్ణి. ఆవిడ "లే, నీ ఇష్టం" అనేది. నేను గోపన్‌పల్లి గాలిని పొగిడేవాణ్ణి. ఆవిడ మదీనాగూడలో అన్నీ దొరుకుతాయని మెచ్చుకునేది. కొత్త పెళ్ళి కదా, ఇద్దరికిద్దరం త్యాగాలకి తెగ పోటీపడ్డాము. దోసెలాయన చివరికి విసుగొచ్చి, "ముందు చట్నీ ఏసుకోండి సార్, ఇల్లు తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. ఇలా అయితే లాభం లేదని, శుక్రవారం నాడు నేను ఎవరికీ చెప్పకుండా సడ్డకుడికి ఫోను చేశాను. "అన్నా, మీ పక్క ఇల్లు ఖాయం చేసెయ్యండి. తనకి మాత్రం చెప్పొద్దు, ఆదివారం నేనే చెప్పి సంతోషపెడతాను" అన్నాను. ఆయన సంతోషం పట్టలేక ఫోనులోనే వదినకి అరిచి చెప్పాడు.

ఆదివారం పొద్దున మా ఆవిడే ఫోను చేసింది. గొంతులో ఏదో హుషారు. "ఇయ్యాల నీకొకటి చెప్పాలె. ఎవ్వరూ లేని తావుకు పోదాం" అంది. ఆ మాట విని నేను పెళ్ళినాటి బూట్లు తుడుచుకుని వేసుకున్నాను. ఎవరూ లేని చోటు ఆ ఏరియాలో ఒకటే తెలుసు, ఖాజాగూడ. చెరువు, చెరువు పక్కన ఏనుగులు పడుకున్నట్టు బండరాళ్ళు, వాటి వెనక నుంచి లేస్తున్న అద్దాల మేడలు. ఆ రాళ్ళని ఇక్కడ గుండ్లంటారు. (మా తుని వైపు గుండంటే తిరుపతిలో చేయించుకునేదే.) కిందంతా ఎవరో ఒకరు ఉన్నారు. ఒక ముసలమ్మ బర్రెల్ని మేపుతోంది, కుర్రాళ్ళు క్రికెట్టు ఆడుతున్నారు, ఒకాయన చెరువు గట్టున ఆటో కడుగుతున్నాడు. "పైకి పోదాం పా" అని మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఒక పెద్ద గుండు మీదకి చకచకా ఎక్కేసింది. సదాశివపేటలో చిన్నప్పుడు రాళ్ళెక్కి సీతాఫలాలు కోసిన కాళ్ళవి. నేను కూడా, భర్తననే పరువు కోసం, బూట్లతోనే ఎక్కాను. ఎక్కడం తేలిగ్గానే ఉంది. ఆ తేలికే కొంపముంచింది.

పైన గాలి హాయిగా ఉంది. ఆవిడ నా వైపు తిరిగి నోరు తెరవబోయింది, సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. బాబాయి. ఆయన గొంతు ఫోను అవసరం లేకుండానే మదీనాగూడ నుంచి వినిపించేటట్టుంది. "ఏరా అబ్బాయ్, ఎక్కడున్నారు? ఇంటాయన వచ్చి కూర్చున్నాడు! మీ ఆవిడ మొన్ననే ఖాయం అంది కదా, మంచి గడియ దాటిపోతోంది! పిన్ని పనసకాయ కూడా తెప్పించింది!"

నేను ఫోను పట్టుకుని మా ఆవిడ వంక చూశాను. ఆవిడ మొహం దీపంలా వెలిగిపోతోంది. "గదే చెప్పాలనుకున్న. నీకోసం మదీనాగూడ ఇల్లు ఒప్పుకున్న. ఆ కూర తినేటప్పుడు నీ మొకం చూసిన గద!" అంది. నేను ఫోను పెట్టేశాను. తర్వాత ఎలాగో కూడదీసుకుని, "నేను కూడా నీకోసం... మీ బావకి... గోపన్‌పల్లిలో..." అన్నాను. ఆవిడ మొహంలో దీపం రెపరెపలాడింది. పూర్తిగా ఆరిపోకముందే ఆవిడ ఫోను మోగింది. వదిన. "ఏమే, ఇల్లు కడిగిచ్చి పెట్టిన, ఇంక రాకపోతిరి? మీ ఆయన ఒప్పుకున్నడట గద, నీకు తెల్వదా ఇంక?"

అప్పుడైనా ఇద్దరం నవ్వేసి ఉంటే సరిపోయేది. కాని మేము ఇంకా త్యాగాల మీంచి దిగలేదు. "పర్వాలేదు, గోపన్‌పల్లే వెళ్దాం, నీ సంతోషమే నాకు ముఖ్యం" అన్నాను. "ఏం వద్దు, మదీనాగూడనే పోదాం, నీకు ఇష్టం గద" అంది. "లేదు, నీ ఇష్టమే." "నా ఇష్టం కాదు, నీ ఇష్టం." చూస్తూ ఉండగానే 'నీ ఇష్టం' అన్నది తిట్టులాగా వినిపించడం మొదలైంది. "నాకోసం నాకోసం అనుకుంట నన్నొక్క మాట అడగకుంట మా బావకు ఎట్ల ఫోన్ చేస్తవ్?" అంది. "నువ్వు మా బాబాయికి చెయ్యలేదా?" అన్నాను. ఆవిడ ముక్కు ఎర్రబడింది. "నీతోని మాట్లాడుడు నాది తప్పు" అని చెప్పులు తీసుకుని, ఎక్కినంత చకచకా దిగి, వెనక్కి చూడకుండా బండి వైపు నడిచింది.

నేను వెంటనే వెళ్ళి బతిమాలుకుందామని ఒక అడుగు వేశాను. బూటు జర్రున జారింది. వెనక్కి కూలబడి కిందికి చూద్దును కదా, ఎక్కేటప్పుడు పళ్ళెంలా కనిపించిన రాయి ఇప్పుడు గోడలా నిలబడి ఉంది. అటు పాకాను, అటూ అంతే. కాసేపు, వాతావరణం చూడడానికే కూర్చున్నట్టు నటించాను. ఆవిడ దూరమైపోతోంది. చివరికి సిగ్గు విడిచి ఆవిడ పేరు పెట్టి గట్టిగా కేక వేశాను. ఆగి వెనక్కి చూసింది. "దిగిరా!" అంది. "రాలేను!" అన్నాను. "నటించకు!" అంది. "నటన కాదే, కాళ్ళు వణుకుతున్నాయి!" అని అరిచాను. దాంతో క్రికెట్టు ఆగిపోయింది. ఆటో ఆయన తడిగుడ్డతో సహా వచ్చాడు. బర్రెల అవ్వ కర్ర మోపుకుంటూ వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను తేరిపార చూసింది.

ఆ తర్వాత నాకు అందిన సలహాలు అన్నీ ఇన్నీ కావు. "అన్నా, దుంకు, మేం పడ్తం!" అని ఒకడు. "దుంకకు అన్నా, బోర్ల పండు!" అని ఇంకొకడు. "బూట్లు ఇసిరెయ్!" అన్నాడు ఆటో ఆయన. ఇసిరాను, ఒకటి వెళ్ళి చెరువు బురదలో పడింది. అవ్వ మాత్రం తీరిగ్గా, "కండ్లు మూసుకోని దిగు సారూ, కిందికి చూస్తేనే గద భయమైతది" అంది. (అంతకంటే ప్రమాదకరమైన సలహా నా జీవితంలో ఎవరూ ఇవ్వలేదు.)

మా ఆవిడ గుండు దగ్గరకి తిరిగి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసింది. అంతమంది ఉన్నారన్న ధ్యాస లేదు. "దించుత గని, ముందొకటి చెప్పు. నిజం చెప్పు. నీకు గోపన్‌పల్లి ఇష్టమేనా?" అని అడిగింది.

భయంలో మనిషికి అబద్ధం రాదు. "ఇష్టం లేదు!" అని అరిచాను. "అస్సలు లేదు! మీ అక్క నన్ను చాయ్ తాగనివ్వదు!"

ఆవిడ నాకంటే గట్టిగా అరిచింది. "నాక్కూడ లేదు! చిన్నప్పటిసంది అక్క చెప్పినట్టే జడేసుకున్న, అక్క చెప్పినట్టే సదువుకున్న. ఇప్పుడు పక్కింట్ల ఉండి ఇంక ఏం చెప్పిచ్చుకోవాలె?"

"మరి ఆ నెమలిని చూసి అంత నవ్వావు?"

"నెమలిని చూసి కాదు! అక్క మాట ఇననోళ్ళు కూడ ఉన్నరని నవ్విన!"

"అయితే నాకు మదీనాగూడ కూడా వద్దు! బాబాయి బాల్కనీలోంచి పిలుస్తాడు!"

"నాకూ వద్దు! రోడ్డు దాటనీకి కారెక్కాలె!"

క్రికెట్టు కుర్రాళ్ళు ఈలలు వేశారు. అవ్వ ఒక్కసారి నన్నూ, ఒక్కసారి ఆవిణ్ణీ చూసి, బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గక్కడ వద్దంటరు, గిక్కడ వద్దంటరు. ఉండనీకి తావు లేక గుండెక్కిండ్రా ఏంది?" అంది.

మా ఆవిడకి నవ్వాగలేదు. నవ్వుతూనే చెప్పులు వదిలి మళ్ళీ పైకి ఎక్కింది. వచ్చి నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళిపీటల మీద తప్ప అంతమంది ముందు ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. "ఏం గాదు, కూసోని జారు, నేనున్న గద" అంది. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, జానెడు జానెడు చొప్పున, చిన్నపిల్లల్లా జారుకుంటూ దిగాము. నేల మీద కాలు మోపగానే అందరూ చప్పట్లు కొట్టారు. లేచి నిలబడ్డాక ఆ చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. ఎందుకో అర్థం కాక వెనక తడిమి చూసుకుంటే, నా ప్యాంటు సీటు భాగం ఆ గుండుకే అంకితమైపోయింది. మా ఆవిడ చున్నీ తీసి నా నడుముకి చుట్టింది. గులాబీరంగు, అంచుకి అద్దాలు.

ఆ అవతారంతో ఊరంతా దాటి ఎలా వెళ్తానని అవ్వే ఇంటికి తీసుకెళ్ళింది. గుండ్లకి ఆనుకునే, వేపచెట్టు కింద చిన్న ఇల్లు. ముందు బర్రెల కొట్టం, పక్కన మేడ మీదికి మెట్లు. కొడుకు లుంగీ ఇచ్చింది, చాయ్ పెట్టింది. నేను ఊదుకుంటూ తాగాను, ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ ఈలోగా మెట్లు చూసి, "పైన ఎవరుంటరు అవ్వా?" అని అడిగింది. "ఎవ్వరుండరు బిడ్డా. మా చిన్నోని పెండ్లయితె ఉంటరని ఏసిన. వాడు అత్తగారింటికి ఇల్లటం పాయె" అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఈసారి ఎవరూ 'నీ ఇష్టం' అనలేదు. పైకెళ్ళి చూశాము. రెండు గదులు, ఒక వంటిల్లు, కిటికీ తెరిస్తే చెరువు. బాల్కనీ లేదు. అందులో నుంచి పిలిచేవాళ్ళూ లేరు. "కిరాయికిస్తవా అవ్వా?" అంది మా ఆవిడ. అవ్వ నా లుంగీ వైపు ఒకసారి చూసి, "ఇస్త గని, సారు మల్ల గుండెక్కొద్దు. నాకు గీ వయసుల గంత పరేషాన్ వద్దు" అంది.

ఆ రోజు మదీనాగూడలో మంచి గడియా, గోపన్‌పల్లిలో కడిగిన ఇల్లూ రెండూ అలాగే మిగిలిపోయాయి. బాబాయి వారం పాటు నాతో మాట్లాడలేదు. బాబాయి నిశ్శబ్దంగా ఉండడం మా వంశంలో ఎవరూ చూడలేదు కాబట్టి, ఒంట్లో బాగాలేదేమోనని మా నాన్న తుని నుంచి ఫోను చేశాడు. వదిన మా ఆవిడతో మాట్లాడుతూనే ఉంది, కాని అన్నీ "మీకంటె మాకు ఎక్కువ తెల్వదు గద" అనే మాటతోనే మొదలయ్యేవి. పాలు పొంగించిన రోజు మాత్రం అందరూ వచ్చారు. బాబాయీ సడ్డకుడూ అప్పటిదాకా పెళ్ళిలో ఒక్కసారే చూసుకున్నారు. గదికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు చాప మీద బిగుసుకుని కూర్చున్నారు. మొదట బాబాయి అన్నాడు, "కూరగాయల కొట్టు ఎక్కడుందండీ ఇక్కడ? నాకైతే ఒక్కటీ కనిపించలేదు." సడ్డకుడు వెంటనే అందుకున్నాడు. "కొట్టు సంగతి ఇడిసిపెట్టండి సార్, గాలేదీ?" (ఆ సమయంలో కిటికీ తెర ఎగిరి ఆయన మొహానికి చుట్టుకుని ఉంది.) బాబాయి జరిగి కొంచెం దగ్గరగా కూర్చున్నాడు. దోమలు ఉంటాయన్నాడు. చెరువు పక్కన తేమన్నాడు ఆయన. బర్రెలన్నాడు ఈయన. భోజనాల వేళకి ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ ఖాజాగూడలో లేనివన్నీ ఏకరువు పెట్టుకుంటూ కడుపు నిండా తిన్నారు. ఆ స్నేహం ఎంత గట్టిదంటే, తర్వాత బాబాయి నెమళ్ళని చూడడానికి గోపన్‌పల్లి వెళ్ళడం, సడ్డకుడు పండగ బట్టలకి మదీనాగూడ రావడం మామూలైపోయింది. పిన్ని చేసిన పనసపొట్టు కూర ఖాజాగూడకంటే ముందు గోపన్‌పల్లికే చేరేది. వదిన దాన్ని తిని, ఆవ ఇంకొంచెం ముందు పెట్టాలని పిన్నికి చెప్పేదట. పిన్ని మొదట కోపం తెచ్చుకుని, తర్వాత అలా చేసి చూసి, "అవునేవ్, బాగానే ఉంది" అని ఒప్పుకుంది.

దోమల సంగతిలో మాత్రం వాళ్ళిద్దరూ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. నీళ్ళు కూడా ఒక్కోరోజు వచ్చేవి కావు. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరితే నా బండికి అడ్డంగా బర్రె నిలబడేది. హారను కొడితే కదలదు, అవ్వ "ఓ సిట్టీ" అని మెల్లగా పిలిస్తే కదిలేది. ఆ కారణం చెబితే మా మేనేజరు ఒక్కసారి కూడా నమ్మలేదు. ఊళ్ళో కొన్నాళ్ళు నన్ను 'గుండు సారు' అన్నారు. కాని రోజూ సాయంత్రం ఇంటికెళ్ళడానికి నాకొక ఇల్లుండేది, అందులో నాకంటే ముందొచ్చి మా ఆవిడ ఉండేది, లేదా ఆవిడకంటే ముందొచ్చి నేనుండేవాణ్ణి. హాస్టల్ గేటు బయట నిలబడి ఉన్నవాళ్ళకే ఆ సుఖం విలువ తెలుస్తుంది. మా అమ్మాయి ఆ ఇంట్లోనే పుట్టింది. పుట్టిన పదకొండో రోజు అవ్వ బర్రెపాలతో చేసిన కోవా ఊరంతా పంచింది.

తర్వాత అవ్వ కొడుకులు స్థలాన్ని బిల్డరుకి ఇచ్చారు. బర్రెలు శంకర్‌పల్లి వైపు చుట్టాలింటికి వెళ్ళాయి. అవ్వ దగ్గర్లోనే ఒక అపార్టుమెంటులోకి మారింది. వెళ్ళేముందు రోజు మా ఆవిడా అవ్వా మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా చిక్కుళ్ళు ఒలిచారు.

ఇప్పుడు మేము తెల్లాపూర్లో సొంత ఫ్లాటులో ఉంటున్నాము. దాన్ని ఎంచుకోవడానికి ఒక్క పూట పట్టింది. స్కూలు ఎంత దూరం, కారు ఎక్కడ పెట్టాలి, నీళ్ళు వస్తాయా అని ఇద్దరం ఒకే ప్రశ్నలు అడిగాము, ఒకే జవాబుకి తల ఊపాము, సంతకాలు పెట్టాము. దారిలో కాఫీ తాగాము. నచ్చిందా అని ఆవిడ అడగలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత అంత బాగా తెలియడం ఎంతో అదృష్టమే, కాదనను. అయినా ఒక్కోసారి ఆఫీసు నుంచి వస్తూ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, వెనక సీట్లో కొత్త పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టుకుని 'టు లెట్' అట్టల కోసం తల అటూ ఇటూ తిప్పుతూ వెళ్ళే కుర్రాడెవడైనా కనిపిస్తాడు. అప్పుడు నాకు అప్పటి నేను గుర్తొస్తాను. సన్నగా, బిక్కుబిక్కుమంటూ, పెళ్ళాం ఎటు చూసి నవ్వితే అటే ఇల్లు కావాలనుకున్నవాడు. ఒట్టి తెలివితక్కువవాడు. కాని వాణ్ణి ఇప్పటికీ ఏమీ అనబుద్ధి కాదు నాకు.